పుదీనా వద్దు

మొఘల్‌పురాలోని డాబా మీద ఇటుకలతో మడి కట్టిన నర్సింగ్, పుదీనా కొమ్మలు గుచ్చుతూ అన్నాడు.

“బ్రకోలీ, పాలకూర, కొత్తిమీర, పుదీనా. ఇగ ఎవ్వల్నీ అడుక్కునే ఫికర్ లేదు.”

“ఫోన్ల వీడియోలు చూసి రైతువైనవ్, మస్తు సంతోషం,” అంది భార్య సుజన. “బ్రకోలీ పెట్టు, పావురాలన్న తింటయ్. పుదీనా మాత్రం వద్దు.”

“రోజూ పిట్టగోడ కాడ నిలబడి పక్కింటి ఖాలాను అడుగుతున్నవ్. ఇజ్జత్ పోతలేదా?”

“పెనిమిటి పోయినకాంచి ఆమె ఎవ్వలతోని మాట్లాడుతలేదు. పుదీనా అడిగితెనే బయటికొస్తది.”

నర్సింగ్ మళ్లీ మడి మీదికి వంగాడు. గుచ్చిన కొమ్మలన్నీ పీకి, గోడ దగ్గరికి నడిచాడు.

“ఖాలా! జర పుదీనా ఉన్నదా?”

“ఆమె వచ్చేలోపు చేతులు కడుక్కో,” అంది సుజన. “పుదీనా వాసనొస్తున్నయ్.”