కుడివైపు గీత

"ఆదివారం పోటీకి మీ మేనల్లుణ్ణే పంపుతారు. నాకు తెలుసు," అంది నేజ.

కోచ్ వింకోకి ఒళ్ళు మండింది. పోహోర్యే కొండ మీద ఆ స్నోబోర్డు క్లబ్బుకి పోటీలో దక్కింది ఒక్కటే చోటు. దానికోసం నేజ, తిలెన్ చలికాలమంతా పడుతూ లేస్తూ సాధన చేశారు. తిలెన్ తన అక్క కొడుకు కావడం తన తప్పా?

"మీ మొహాలే చూడను. గీతలు చూసి చెబుతాను," అన్నాడు.

ఇద్దరూ పైకి వెళ్ళి చెరో పక్కనుంచి దిగాలి. ఎవరిది ఏ పక్కో వాళ్ళే తేల్చుకోవాలి, తనకి చెప్పకూడదు. ఈలోగా తాను కింద పాకలో కిటికీకి వీపు పెట్టి కాఫీ తాగుతాడు. తర్వాత లిఫ్టులో పైకి వెళుతూ మంచు మీద గీతలు చదువుతాడు. బోర్డుని అంచు మీద నిలబెట్టి తిప్పితే దారంలాంటి గీత పడుతుంది. భయపడి అడ్డంగా జారితే చీపురు పెట్టి ఊడ్చినట్టుంటుంది. గెలిచినవాళ్ళు పోటీకి. ఓడినవాళ్ళు సీజనంతా క్లబ్బు వంటింటికి.

ఆ వంటింట్లో ఇన్నాళ్ళూ అందరికీ బీన్సు, పులిసిన క్యాబేజీ వేసి యోతా పులుసు కాస్తున్నది వింకో భార్య దరింక. ఆవిడ అభ్యంతరం చెప్పలేదు.

కాఫీ అయ్యాక మొగుడూ పెళ్ళాం లిఫ్టెక్కారు. కింద వాలు మీద రెండు గీతలున్నాయి. ఎడమవైపుది చూసి వింకో మురిసిపోయాడు. మలుపు మలుపుకీ ఎక్కడా చెదరలేదు, ఎక్కడా తడబడలేదు. కుడివైపుది చూడగానే మొహం చిట్లించాడు.

"చూడు, మోకాళ్ళు వంచమంటే నడుం వంచేశారు. ఇక్కడ చెయ్యి మంచుకి ఆనించారు. అదిగో, అక్కడైతే దొడ్డికి కూర్చున్నట్టే కూర్చున్నారు."

దరింక మఫ్లరు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపం, అంత కఠినంగా మాట్లాడొద్దంది. నిజం చెప్పడానికి మొహమాటం దేనికన్నాడు వింకో.

"అయితే వంటింటి మాట ఖాయమేనా? ఆ గీత ఎవరిదైనా సరేనా?" అని అడిగింది.

"మా అమ్మదైనా సరే."

పైన నేజ, తిలెన్ పక్కపక్కనే నిలబడి ఉన్నారు. వింకో గొంతు సవరించుకున్నాడు.

"ఎడమవైపు దిగినవాళ్ళు పోటీకి. కుడివైపు దిగినవాళ్ళు వంటింటికి. చెప్పండి, ఎవరెవరు?"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. వింకోకి జాలేసింది. సిగ్గుపడక్కర్లేదనీ, అందరికీ అన్నీ రావనీ ఓదార్చాడు.

"మేమింకా దిగలేదు, మాస్టారూ," అంది నేజ. తిలెన్ బూటు కొక్కెం ఊడిపోతే ఇద్దరూ ఇంతసేపూ దానితోనే కుస్తీ పడుతున్నారట. "అవి పొద్దున వాలు మీద దారి గుర్తు జెండాలు పాతాక మీరూ ఆవిడా బోర్డుల మీద దిగిన గీతలు. ఆ తర్వాత మంచు దువ్వి గీతలు చెరిపే బండి రాలేదు."

వింకో మిగిలిన కాస్త ఆశతో భార్య వైపు తిరిగాడు.

"ఎడమది నాదే కదూ?"

"బీన్సు ఇవాళే నానబెట్టుకో," అంది దరింక. "లేకపోతే రేపటికి ఉడకవు."