నత్తల జావ

గ్లాస్గోలో చరిత్ర పాఠాలు చెప్పే సోర్చా, మూడొందల ఏళ్లనాటి పడమటి సముద్రపు దీవులవాళ్ల వంటను, రుచి కుదరక ఏడోసారి వండింది. రాళ్లకు అతుక్కుని ఉండే సముద్రపు నత్తలను ఓట్స్‌తో కలిపి కాచిన జావ అది. అసలు రుచేమిటో చెప్పగలిగేది ఆ దీవుల్లో పుట్టిన తల్లి ఎఫీ ఒక్కతే.

ఎఫీ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, చాలాసేపు మింగలేదు.

"ఉప్పు తగ్గిందా అమ్మా?"

"లేదే. అచ్చం ఇదే రుచి."

సోర్చా సంతోషం పట్టలేక తల్లిని వాటేసుకుంది. "అయితే ఇంకాస్త తిను!"

ఎఫీ గిన్నె పక్కకు జరిపింది.

"మా నాన్న పడవ మునిగిన ఏడాది, చలికాలమంతా మాకిదే తిండి. నా కూతురికి ఈ గతి పట్టకూడదనే, ఫ్యాక్టరీలో చేపలు కోసి కోసి నిన్ను చదివించాను. తీరా అంత చదువూ చదివి, దీన్నే వెతికి తెచ్చావటే!"