టసోని రాసిన సిఫారసు

ఒర్తెన్సియా తలుపు తట్టకుండానే వాద్యబృందాన్ని నడిపించే మాయెస్త్రో టసోని గదిలోకి దూసుకెళ్లి, ఉత్తరాన్ని బల్ల మీద విసిరికొట్టింది.

“బొలోన్యా ఒపేరాలో ఉద్యోగం అడిగితే, మీరు రాసిన ఈ సిఫారసు వాళ్లు నా చేతికిచ్చారు. ‘ఈమె వాద్యబృందాన్ని నడిపించడానికి పనికిరాదు’ అని రాశారా? తొమ్మిదేళ్లు మీ దగ్గర నేర్చుకున్నాను. మీ గాయకులకు ఒక్కో వరుసా నూరిపోశాను. ప్రతి ప్రదర్శనలో మీ ఎదుట కూర్చుని హార్ప్సికార్డ్ వాయించాను. నేను పనికిరానా?”

“ముందు కూర్చో.”

“కూర్చోను! అరుస్తాను! పార్మా ఊరంతా వినాలి!”

“పార్మా వింటుంది. నాకే వినపడదు,” అన్నాడు ముసలాయన. “చెవులు పోయి మూడేళ్లయింది. ఇప్పుడూ నీ పెదవులు చూసే మాట్లాడుతున్నాను. నువ్వు వాయించనప్పుడు కూడా పాటతో పాటు నీ భుజాలు కదులుతాయి. వాటిని చూసే బృందం ముందు తాళం కర్ర ఊపుతున్నాను. నువ్వు వెళ్లిపోతే నా పని అయిపోయినట్టే, తల్లీ.”

ఆమెకు జాలి కలగలేదు.

“అయిపోనివ్వండి,” అంది. తిన్నగా తమ ఒపేరా డైరెక్టర్ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పేసింది.

ఆ సాయంత్రం టసోని నిలబడే చోట ఆమె నిలబడింది. కర్ర సగం ఎత్తి, మళ్లీ దించేసింది. ముందు వరుసలోని వయొలిన్ విద్వాంసుడు అది గమనించి నవ్వాడు.

“భయమెందుకు, సిన్యోరా? మూడేళ్లుగా మేమూ మిమ్మల్నే చూసి వాయిస్తున్నాం గదా!”

ఒర్తెన్సియా నవ్వలేదు. నలభై ముఖాలనూ ఒక్కొక్కటిగా చూసింది. ముసలాయనకు వినపడదనీ, నడిపిస్తున్నది తనేననీ అందరికీ తెలుసు. తనకు చెప్పాలని ఒక్కరికీ తోచలేదు.

పళ్లు బిగించి కర్ర పైకెత్తింది.