కొత్త పళ్ళేలు

"నువ్వు ఈ ఊళ్ళో పుట్టలేదు. ఒప్పుకో," అన్నాడు డెస్మండ్, బల్ల మీద గుద్ది.

విల్ఫ్ ఒప్పుకోలేదు. టోపీ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఇంగ్లండులో పింగాణీకి పేరుపడ్డ బర్స్‌లెమ్‌లో పాత ప్రార్థన మందిరం వెనక గది అది. ప్రతి శనివారం మధ్యాహ్నం అరడజనుమంది ముసలీ ముతకా అక్కడ చేరి చిన్ననాటి కబుర్లు కలబోసుకుంటారు. ఆ రోజు కబుర్లు లేవు. లావు పొట్ట, సన్నటి మెడతో సీసాలా నిలబడ్డ ఆఖరి పింగాణీ బట్టీని కూల్చి అక్కడ ఫ్లాట్లు కడతామంటోంది క్రాగ్‌వెల్ బిల్డర్స్. సోమవారం విచారణ. ఆ బట్టీ నీడన పెరిగిన మనిషి ఒక్కడు లేచి సాక్ష్యం చెబితే బట్టీ నిలుస్తుంది. లేదంటే ఇటుకల కుప్ప. అలాంటి మనిషి విల్ఫ్ ఒక్కడే; మిగతావాళ్ళు పెరిగిన బట్టీలు ఎప్పుడో కూలిపోయాయి. చిన్నప్పుడే ఊరు వదిలిపోయి, తల నెరిశాక మొన్ననే తిరిగొచ్చాడు.

"గేటు దగ్గర అడ్డంగా కూర్చుందామని ఈ గదిలోనే కదా అనుకున్నాం?" అన్నాడు డెస్మండ్. "తెల్లారి వెళ్ళేసరికి కాపలావాళ్ళు, కుక్కలు. మాట ఎవరు మోశారు? వీడొచ్చాకే కదా డక్, ఇదంతా?"

మా ఊళ్ళో ఆడా మగా ఎవరిని పిలిచినా ప్రేమగా డక్ అనే. డెస్మండ్ నోట అది మాటకు ముందొకటి, వెనకొకటి.

ఐవీ తల వంచుకుంది. స్టాన్ గోడకేసి చూశాడు. విల్ఫ్ మొహంలోకి చూడటానికి ఎవరికీ ధైర్యం లేదు. పక్క మనిషిని నమ్మడం మానేసిన గది అలాగే ఉంటుంది. కంపెనీలకు కావలసిందీ అదే.

"ఆ బట్టీకి మంట వేసింది మా నాన్న," అన్నాడు విల్ఫ్. "కాల్పు రోజు వస్తే మా అమ్మ ఆరేసిన బట్టలన్నీ లోపలికి లాగేసేది. మసిలో ఎదుటి ఇల్లు కనబడేది కాదు. నేను ఓట్‌కేకులు పట్టుకెళ్తే నాన్న ఆ అట్లని బట్టీ గోడకి ఆనించి వేడి చేసేవాడు. సగం నాకే పెట్టేవాడు."

"మసి, బట్టలు, ఓట్‌కేకులు. ఇవన్నీ శనివారాల్లో ఐవీ చెప్పినవే. టేపులో ఎక్కించింది నేనే. ఎవడైనా విని అప్పజెబుతాడు. అసలు వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారైనా ఎవరినైనా డక్ అన్నావా?"

"బతుకంతా గ్లాస్గో ఓడల రేవులో గడిచింది. అక్కడ మగాణ్ణి డక్ అంటే పళ్ళు రాలగొడతారు."

స్టాన్‌కి నవ్వొచ్చింది. డెస్మండ్ చూసేసరికి మింగేశాడు.

"నేను పక్కనే టన్‌స్టాల్‌లో మా నాయనమ్మ ఒళ్ళో పెరిగాను," అన్నాడు డెస్మండ్. "ఈ మట్టి నా గోళ్ళలో ఉంది. వీణ్ణి సాక్షిగా నిలబెడితే క్రాగ్‌వెల్ ప్లీడరు రెండు ప్రశ్నల్లో బట్టలిప్పుతాడు. మనందరి పరువూ పోతుంది. వీడు ఇప్పుడే బయటికి నడవాలి."

"నేనెక్కడికీ పోను," అన్నాడు విల్ఫ్. "మా నాన్న ఆ మసి పీల్చే పోయాడు. సోమవారం నేను నోరు విప్పకపోతే ఇంత దూరం వచ్చిందెందుకు?"

"తిట్టుకోవడం తర్వాత," అంది హిల్డా, మూలనున్న పొయ్యి దగ్గర్నుంచి. పింగాణీ మీద పూలు వేసీ వేసీ నడుం వంగిపోయిన మనిషి. ఆ గదిలో అందరికంటే పెద్దది. "ముందు తినండి. డెస్మండ్, నువ్వు పొద్దున తెచ్చిచ్చిన కొత్త పళ్ళేలు ఈ అట్టపెట్టెలోవేనా డక్?"

"అవే డక్. పాతవి అంచులు పెచ్చులు లేచాయన్నావుగా. మా ఇంట్లో ఊరికే పడున్నాయి, వాడుకోండి."

తెల్లటి పళ్ళేలు. పువ్వు లేదు, గీత లేదు. హిల్డా మొదటిది తీసింది. తిరగేసింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత వరసగా అందరి చేతికీ ఇచ్చింది. ఐవీ అందుకుని తిరగేసి చూసి, మెల్లగా బల్ల మీద పెట్టింది. స్టాన్ తిరగేసి చూసి పెట్టేశాడు. తక్కిన వాళ్ళూ అంతే. విల్ఫ్ తిరగేసి చూసి, తలెత్తి హిల్డా వైపు చూశాడు. హిల్డా కళ్ళతోనే ఆగమంది.

డెస్మండ్ మాత్రం విల్ఫ్ మీదనుంచి చూపు తిప్పలేదు. పళ్ళెంలో ఓట్‌కేక్ పడగానే జున్ను చుట్టుకుని ఒక్క కొరుకు కొరికాడు.

"ఇక తేల్చేద్దాం," అన్నాడు నములుతూ. "చేతులెత్తండి."

"నేనడుగుతానుండు," అంది హిల్డా. "మన మధ్య కూర్చుని, మన మాటలు క్రాగ్‌వెల్‌కి మోసే పరాయివాణ్ణి ఇప్పుడే బయటికి పంపాలనేవాళ్ళు చెయ్యెత్తండి."

అందరికంటే ముందు డెస్మండ్ చెయ్యి లేచింది. తర్వాత ఐవీది, స్టాన్‌ది, మిగతావాళ్ళది. చివర్న విల్ఫ్ చెయ్యి కూడా లేచింది.

డెస్మండ్ పకపకా నవ్వాడు. "చూశారా? వాడే ఒప్పేసుకున్నాడు."

ఇంకెవరూ నవ్వలేదు. అందరి చూపూ అతని మీదే ఉంది. ఎవరి పళ్ళెంలోనూ ఓట్‌కేక్ కదల్లేదు.

"ఏం, తినరేం?"

"ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళం డక్," అంది హిల్డా. "చేతికి పళ్ళెం వస్తే ముందు తిరగేసి ఎవరు చేశారో చూస్తాం. తిండి ఆ తర్వాతే. వేలెడంత పిల్ల కూడా అంతే. తెచ్చిన పళ్ళేన్ని తిరగెయ్యకుండా ఇంట్లో పెట్టుకున్న మనిషిని ఇన్నాళ్ళకి చూస్తున్నాను."

డెస్మండ్ దవడ ఆగిపోయింది. కొరికిన ఓట్‌కేక్ బల్ల మీద పెట్టి, పళ్ళెం తిరగేశాడు.

అడుగున నీలం అక్షరాలు: 'క్రాగ్‌వెల్ బిల్డర్స్. మా మనుషులకు మాత్రమే. ప్రేమతో.'