కల్లంలో ఆగిన పాట

మా పెద్దమ్మాయి పాడింది బావా! మిరప కల్లంలో, అందరి ముందూ, గొంతెత్తి పాడింది.

గొంతు ఆపరేషనయ్యాక, డాక్టరు పాడొచ్చన్నా షమీమ్ పాడట్లేదని నీకు తెలుసుగా. చెల్లెలు నస్రత్‌కి మాత్రం మాటలతోనే పాట నేర్పింది. "ఊపిరి పొట్టలోంచి తియ్యవే, భుజాలెగరెయ్యకు. తర్వాతి ముక్క విన్నోళ్ల నోటికి దానంతటదే వచ్చేచోట ఆగు, అప్పుడే పాట పట్టుకుంటుంది" అనేది.

ఇవాళ తొడిమలు తీస్తూ నస్రత్ పాట ఎత్తుకుంది. ఘాటుకి మేం దగ్గుతున్నా దానికి దగ్గే రాలా. హాయిగా పాడుతూ పాడుతూ చరణం మధ్యలో ఠక్కున ఆగిపోయింది.

మా కల్లంలో పాట కింద పడకూడదు, ఆగితే పక్కనున్నవాళ్లు అందుకోవాల్సిందే. పక్కనున్నది షమీమ్. అందరూ దానివైపే చూశారు. బొంగురుగా మొదలెట్టి అలా పైకి తీసుకుపోయిందయ్యా, నేను కాయల బస్తా మీద కూలబడి ఏడ్చేశాను.

"ఎట్టా మర్చిపోయావే?" అన్నాను చిన్నదాన్ని.

"మర్చిపోలా నాన్నా. ఎక్కడ ఆగాలో అక్కే నేర్పిందిగా."

చీరాల అక్కయ్యకి చెప్పు. మంగళగిరి మరదలికి చెప్పు, వాళ్లత్తగారిక్కూడా. ఇక పాడదని తేల్చేసిన వాడరేవు తోడల్లుడికి రెండుసార్లు చెప్పు.