ఖర్‌కాయి ఘటం

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది రాత్రి డ్యూటీ చేసొచ్చి ముసుగుతన్ని పడుకున్న నాన్న గౌరీశంకర్, వంటింట్లో అమ్మ దేవి, గుమ్మంలో బియ్యం చెరుగుతున్న మామ్మ సన్యాసమ్మ, ఎవరైనా వస్తే తలుపు చాటుకు పోయే రోహిణి.

వీధిలోకి ఎవరో కొత్త మనిషి వచ్చింది. చంకలో స్టీలు బిందె, కాళ్లనిండా బురద.

రోహిణి తలుపు చాటుకు పోయింది.

హిందీ మాట్లాడే బాగ్‌బేరాలో ఆ వీధంతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే. వేసవిలో వాళ్లను ఆదుకునేది ఖర్‌కాయి ఏటి ఒడ్డున ఉన్న బావి. ఈ ఏడు మురుగు కాలవ ఏటి రేవు, అదే ఘాట్, మీదికి తిరిగి, నల్లనీరు బావి పక్కకే వచ్చేసింది.

గట్టు కట్టి ఘాట్ బాగుచేద్దామని కుర్రాళ్లు చందాకు వస్తే గౌరీశంకర్ నవ్వుతూనే సాగనంపాడు. నీళ్లు దేవుడిచ్చినవట. వాటికి చందా అడగడమంటే గాలికి అద్దె అడగడమేనట. వీధి వీధంతా ఆ మాటే పట్టుకుంది.

కూలీలకు ఇవ్వడానికి ఇంకేమీ లేక, మొదలైన గట్టు పని రేపటితో ఆగిపోతుందని అందరికీ తెలుసు. వానలొస్తే బావి పోతుంది. ఆ నీళ్లు మోసేది రోహిణే.

వచ్చినామె ఏటి నీళ్ల రంగు చూపిద్దామని గుమ్మం ముందు బిందె దించబోయింది.

“ఘాట్ కే లియే ఆయీ హూఁ, మాజీ.”

ఘాట్ కోసం వచ్చానని ఆమె అన్నది. మామ్మకు హిందీ రాదని ఇంట్లో అందరికీ తెలుసు. చాట పక్కనపెట్టి గబుక్కున లేచింది.

“ఘటమా తల్లీ? దించకు, దించకు. దేవీ, పసుపు నీల్లట్టుకురా. ఒరే శంకరా, లెగరా, అమ్మోరి ఘటం వచ్చింది.”

ఊళ్లో పండగ ముందు అమ్మవారి ఘటం ఎత్తుకుని గడపగడపకూ వస్తారు. కాళ్లు కడగాలి. వట్టి చేతులతో పంపకూడదు. రైలెక్కి ఇంత దూరం వచ్చినా ఆ భక్తి, ఆ భయం వాళ్ల వెంటే వచ్చాయి.

ఆమె ఏదో చెప్పబోయేలోపే పసుపు నీళ్లు పాదాల మీద పడ్డాయి.

గౌరీశంకర్ లుంగీ బిగించుకుంటూ వచ్చాడు.

“ఎక్కడి ఘటమే అమ్మా? మనకి ఎవులూ సెప్పనేదు.”

“అమ్మోరిని ఆధార్ కార్డడుగుతావేటిరా?”

గౌరీశంకర్ లెంపలు వేసుకున్నాడు. చిలక్కొయ్యకు వేలాడుతున్న చొక్కా జేబు మొత్తం ఆమె కొంగులో దులిపేశాడు. అది చూసి పక్కింటి పద్మశ్రీ పిన్ని పరుగెత్తుకొచ్చింది. ఆవిడను చూసి ఎదురింటివాళ్లు. వీధి చివరికి వెళ్లేసరికి ఆమె కొంగు బరువుకు ఒక పక్కకు ఒరిగిపోయింది. ఇక గట్టు పని ఆగదని ఆమె తనలో తాను హిందీలో గొణుక్కోవడం వెనకే వెళ్లిన రోహిణి ఒక్కతే విన్నది.

రోహిణి నాలుక చివర ఒక్క మాట దురద పెడుతోంది. చెబితే నాన్న పరుగున వెళ్లి ఇచ్చిందంతా వెనక్కి తెస్తాడు. చెప్పకపోతే మామ్మను మోసం చేసినట్టే, అమ్మవారిని కూడా.

సాయంత్రం మామ్మ భుజాన తువ్వాలు వేసుకుని స్నానానికి బయలుదేరింది. రోహిణి స్నానాల గది దాకా వెంటపడింది.

“మామ్మా, ఆమె ఘటం అనలేదు. ఘాట్ అంది. ఏటి రేవు. నువ్వు పొరబడ్డావు.”

మామ్మ లోపలికి అడుగుపెట్టి, గడియ మీద చెయ్యి వేసి, మళ్లీ పడుకున్న కొడుకు గురక ఇంకా వినిపిస్తోందో లేదో చూసుకుంది.

“ఘాట్ కో ఘాట్ బోల్తీ, తో తేరా బాప్ దేతా క్యా?”

ఘాట్‌ను ఘాట్ అంటే మీ నాన్న ఇచ్చేవాడా అని, హిందీ ముక్క రాదని ఇల్లంతా నమ్మిన సన్యాసమ్మ తడుముకోకుండా చక్కని హిందీలో అడిగి, మనవరాలి మొహం మీదే తలుపు వేసుకుంది.