మైకులో చెప్పండి సార్

ఉపగ్రహం పట్టు తప్పింది.

గోడంత తెర మీద పచ్చగా ఉండాల్సిన గీతలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. కంట్రోల్ రూములో కాఫీ కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఓడలకీ, విమానాలకీ, అంబులెన్సులకీ దారి చూపే ఉపగ్రహం అది. ఇప్పుడు తన దారి తనకే తెలియక బొంగరంలా తిరుగుతోంది.

"ఎవరు నొక్కారు? ఏం నొక్కారు?" అని అరిచాడు చీఫ్. ఆయన్ని చాటుగా అందరూ ఉరుము సారు అంటారు. ఆయన ఉరిమాడంటే ఎవరో ఒకరి నెత్తిన పిడుగు పడాల్సిందే.

"నేనే సార్. మీరు చెప్పిన ఆదేశమే పంపాను," అంది బటన్ల ముందు కూర్చున్న అమ్మాయి. గొంతులో బెదురన్నది లేదు.

బెదురెందుకుంటుంది? ఒకప్పుడు ఇదే కుర్చీలో వాళ్ల నాన్న కూర్చునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. అప్పుడూ ఒక ఉపగ్రహం ఇలాగే తిరిగి తిరిగి చెయ్యి దాటిపోయింది. కుడి ఇంజిన్ బదులు ఎడమ ఇంజిన్ వెలిగించాడని ఆయన మీద నేరం మోపారు. పక్కనే ఉండి చూశానని సాక్ష్యం చెప్పింది ఈ ఉరుమే. నాన్న ఉద్యోగం ఊడింది. "కుడిదే వెలిగించానమ్మా," అని అంటూ అంటూనే పోయాడు. ఎవరూ నమ్మలేదు. ఆఖరికి అమ్మ కూడా.

కూతురు నమ్మింది. నమ్మి, పళ్లు కొరుక్కుంటూ చదివింది. పగబట్టిన పాముకైనా కునుకు పడుతుందేమో గానీ ఆమెకి పట్టలేదు. అత్తవారి ఇంటిపేరుతో ఉద్యోగంలో చేరింది కాబట్టి ఆమె ఎవరి కూతురో ఉరుముకి తెలియదు.

"బ్యాటరీ పడిపోతోంది సార్," అన్నాడు పవర్ ఇంజినీరు. "సోలార్ పలకలకి ఎండ తగలట్లేదు. ఇంకాసేపు ఇలాగే ఉంటే మనం పిలిచినా పలకదు."

"బయటి నుంచి ఇంకా ఎవరూ ఫోన్ చెయ్యలేదు. చేసేలోపే సర్దెయ్యాలి. ఏదో ఒకటి చెయ్యండయ్యా, బొమ్మల్లా చూస్తారేం!"

"చేస్తాను సార్," అంది ఆమె. "కానీ ఎటు తిరుగుతోందో చెప్పే పరికరం మూగబోయింది. ఎదురు వైపు ఇంజిన్ వెలిగిస్తే ఆగుతుంది. తప్పుది వెలిగించామా, రెట్టింపు తిరిగి మనకి దక్కకుండా పోతుంది."

"మరెలా?"

"ఆ పాత ఉపగ్రహం తిరిగిన తీరూ ఇదీ అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉన్నాయి. అప్పుడు ఎడమ ఇంజిన్ వల్ల తిరిగిందని విచారణలో తేలింది కదా. అది నిజమైతే ఇప్పుడు కుడిది వెలిగించాలి. వెలిగించెయ్యనా?"

ఉరుము గబగబా ఆమె కుర్చీ దగ్గరికి వచ్చాడు.

ఆమె బటన్ మీద వేలు పెట్టింది. "కుడి ఇంజిన్ సిద్ధం."

"ఆగు!"

గదంతా ఆయన వైపు తిరిగింది. ఆయన హెడ్‌సెట్ మైకు పక్కకి తోసి, ఆమె మీదికి వంగాడు. "ఎడమది వెలిగించమ్మా. నా మాట విను," అన్నాడు గుసగుసగా.

"మైకులో చెప్పండి సార్."

"చెప్తున్నాను కదే తల్లీ!"

"మైకులో రికార్డు కాని మాట మీద బటన్ నొక్కకూడదు. మీరు పెట్టిన రూలే. పైగా విచారణ ఒకటంటే మీరు ఇంకోటి అంటున్నారు. ఎందుకో కూడా చెప్పాలి."

ఉరుము తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు. నాన్నని నిలబెట్టి ప్రశ్నలడుగుతుంటే ఈయన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడట. చెమటలు పట్టనీ, ఇంకా పట్టనీ అనుకుంది ఆమె. కడుపులో ఇన్నేళ్ల మంట మొదటిసారి చల్లబడుతోంది.

"బ్యాటరీ సార్!" పవర్ ఇంజినీరు గొంతు ఏడుపులోకి దిగింది.

ఉరుము మైకు నోటి దగ్గరకి లాక్కున్నాడు. "అప్పుడు ఆయన కుడి ఇంజినే వెలిగించాడు. సరిగ్గానే. పైనుంచి జవాబు రావడానికి కాస్త టైము పడుతుంది కదా, నేను ఆగలేకపోయాను. ఆదేశం వెళ్లలేదనుకుని మళ్లీ నొక్కాను. రెండోసారి వెలిగేసరికి తిరగబడింది. ఎడమది అని నేనే అబద్ధం చెప్పాను. రికార్డు కూడా నేనే దిద్దాను. పాపం, ఆయన తప్పేం లేదు."

మూల కూర్చున్న పాత టెక్నీషియన్ "థూ!" అన్నాడు. అదీ రికార్డయింది.

"ఆయన మా నాన్న," అంది ఆమె.

ఉరుము మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. కుర్చీలో కూలబడి రెండు చేతులూ జోడించాడు. "నన్ను ఏమన్నా చెయ్యి తల్లీ. ముందు ఆ ఉపగ్రహాన్ని కాపాడు, నీకు దణ్ణం పెడతా."

ఆమె హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి, "దానికేం కాలేదు సార్, పొద్దున డ్యూటీకి రాగానే ఈ గది తెరలన్నీ కొత్తవాళ్లకి తర్ఫీదిచ్చే ఉత్తుత్తి ఉపగ్రహానికి కలిపేశాను," అంది.